పిన్ని మోచేతులు

మా పిన్ని ఏ హోటలుకి వెళ్లినా వెంటనే కూర్చోదు. ముందు బల్ల అంచు మీద రెండు మోచేతులూ ఆనించి, ఒంటి బరువంతా వాటి మీదకి దించేసి, ఒక కాలు కాస్త పైకెత్తి, మనసులో పది లెక్కపెడుతుంది. చుట్టుపక్కలవాళ్లు తినడం ఆపి మరీ చూస్తారు. నాకు తల కొట్టేసినట్టుంటుంది. "మనం తినడానికొచ్చాం పిన్నీ, బల్ల కొనడానికి కాదు" అంటే, "ఒళ్లో పడ్డాక తెలుస్తుందిలే నీకు" అంటుంది.

ఆవిడ ఉద్యోగమే అది. హోటళ్లకి ఎత్తుబల్లల స్టాండ్లు చేసే వర్క్‌షాపులో, ఏ స్టాండు నిలబడుతుందో ఏది పడిపోతుందో తేల్చి చెప్పడం. ఇదీ ఒక పనేనా అని ముక్కున వేలేసుకున్నవాళ్లున్నారు. మా అమ్మ కూడా బంధువులు అడిగితే "ఏదో ఇనప సామాను షాపులో చేస్తోంది" అని మాట దాటేసేది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది కాబట్టి, అడిగినవాళ్లని కూర్చోబెట్టి పూర్తిగా వివరించేదాన్ని. మీరూ వినండి.

కూర్చుని తినే బల్ల దగ్గర మనిషి బరువు కుర్చీ మోస్తుంది. ఎత్తుబల్ల దగ్గర అలా కాదు. దాని ఎత్తు నలభై రెండు అంగుళాలు. మనుషులు పొడుగాటి స్టూలు మీద సగం కూర్చుని సగం జారుతూనో, అసలు నిలబడో తింటారు. ఒంట్లో సగం బరువు బల్ల మీదే పారేస్తారు. ఆ బల్లకి ఉండేదేమో ఒక్క గొట్టం, కింద గుండ్రటి ఇనప బిళ్ల, పైన చెక్క. అడుగుబిళ్ల బరువు చాలకపోయినా, వెడల్పు చాలకపోయినా అంతే సంగతులు. కొన్నిటికి బిళ్ల బదులు నాలుగు వైపులా చాచిన కాళ్లుంటాయి. కొనేవాళ్లు వాటిని సరిగ్గా ఒక కాలికి ఎదురుగా నిలబడి ఊపి చూసి, బాగుందంటారు. పిన్ని రెండు కాళ్ల మధ్య ఉన్న ఖాళీకి ఎదురుగా నిలబడి ఆనుతుంది. పడే బల్ల అటువైపే పడుతుంది.

ఇదంతా ఎవరూ నేర్పింది కాదు. అంతకుముందు పిన్ని ఇరవై రెండేళ్లు ఒక హోటల్లో వడ్డన పని చేసింది. ఒకేసారి నాలుగు ప్లేట్లు మోసేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకంటే, "ఇంటికెళ్లి కూడా వడ్డించాలి కదే, దానికి జీతం కూడా ఇవ్వరు" అనేది. నా నాలుగో ఏట నాన్న పోతే, పిన్ని వచ్చి మా రెండు గదుల ఇంట్లో చేరింది. నన్ను పెంచింది ఆవిడే అంటే అమ్మ మొహం మాడ్చుకుంటుంది గానీ, అది నిజం.

ఒక మధ్యాహ్నం పిన్ని ఎత్తుబల్ల దగ్గర ఆర్డరు రాసుకుంటూ, కాళ్లు లాగుతున్నాయని కాస్త దాని మీద వాలింది. బల్ల ఒరిగిపోయింది. రెండు గిన్నెల వేడి సూపు పక్కన కూర్చున్న ఒకావిడ ఒళ్లో పడి తొడలు బొబ్బలెక్కాయి. తినేవాళ్ల బల్ల మీద వాలడమేమిటని హోటలువాళ్లు పిన్నినే తిట్టిపోశారు. పిన్ని మర్నాడు సెలవు పెట్టి, ఆ బల్లని తోపుడుబండి మీద వేసుకుని, బిళ్ల అడుగున అంటించిన చిరునామా చూసుకుంటూ వర్క్‌షాపుకి వెళ్లింది.

అక్కడ వెల్డింగు మేస్త్రి ముసుగు పైకెత్తి ఏం కావాలని అడిగాడు. "ఏమీ వద్దు. ఇలా వచ్చి పక్కన నిలబడండి" అని, తను బల్ల మీద మోచేతులు ఆనించింది. అది వెళ్లి మేస్త్రి కాలి మీద పడింది. ఆయన పదిహేను రోజులు కుంటుతూ తిరిగాడు. పదహారో రోజున కబురు పంపి పిన్నిని పనిలోకి రమ్మన్నాడు.

నేను కూడా ఆ వర్క్‌షాపులోనే ఆర్డర్లు రాసుకోవడం, చీటీలు అంటించడం, లారీకెక్కించడం చూస్తాను. కాబట్టి చెబుతున్నది కళ్లారా చూసిందే. పైచెక్క ఇంతుంటే అడుగుబిళ్ల ఇంతుండాలని మేస్త్రి దగ్గర లెక్కలున్నాయి. పిన్ని వాటిని కాదనదు. కానీ లెక్కకి సరిపోయిన స్టాండ్లని, బిళ్ల అడుగున వంపుందని చాలాసార్లు తిప్పి పంపింది. లెక్కకి చాలని స్టాండుని, మందం బాగుందని ఒకసారి సరేనంది. అది తొమ్మిదేళ్లుగా రాయిలా నిలబడే ఉంది. ఆ తర్వాత మేస్త్రి తన టేపుని గోడమేకుకి తగిలించి, ఆవిడ మోచేతుల్నే నమ్ముకున్నాడు. ఆవిడ సరేనన్న స్టాండు పైచెక్క అడుగున సుద్దముక్కతో ఒక గీత పడుతుంది. కొనడానికి వచ్చిన హోటలువాళ్లు ధర అడక్కముందే "ఆవిడ ఆనిందా?" అని అడిగేవాళ్లు. అప్పుడు పిన్ని మొహం చూడాలి. వినపడనట్టు నటిస్తూ చేతిగుడ్డతో శుభ్రంగా ఉన్న చెక్కనే మళ్లీ తుడిచేది.

పోయిన ఏడాది పిన్ని కడుపులో గడ్డ తేలింది. కోసి తీశారు. చెడ్డది కాదని చెప్పారు గానీ మనిషి సగమైపోయింది. నాలుగు నెలలు ఇంట్లో ఉంది. ఆవిడ బట్టలన్నీ నేనే పక్కలు కుట్టి బిగించాను. ఎలా ఉందని ఎవరడిగినా "నాకేం, దుక్కలా ఉన్నాను" అనేది. ఐదో నెలలో పనికి వచ్చేసింది. మేస్త్రి ఎదురెళ్లి "రా చెల్లెమ్మా, నువ్వు లేక మా బల్లలన్నీ నన్ను చూసి నవ్వుతున్నాయి" అన్నాడు. అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వింది.

అప్పుడే వంటాయన ఆర్డరు వచ్చింది. ఆయన పిన్నితో పాటు అదే హోటల్లో వంట చేసినవాడు. పిన్నిని అక్కా అంటాడు. ఇన్నాళ్లూ ఒకళ్ల పొయ్యి దగ్గర నిలబడి, ఇప్పుడు యాభయ్యో ఏట సొంత హోటలు పెట్టుకుంటున్నాడు. గది ఇరుకు. కిటికీల వెంట పన్నెండు ఎత్తుబల్లలు వేస్తే తప్ప జనం పట్టరు. తను పనిచేసిన చోట అడుగుబిళ్లలకి జనం కాలివేళ్లు తగిలి తిట్టుకోవడం చూశాడేమో, చిన్న బిళ్లలు కావాలని పట్టుబట్టాడు. పైచెక్క ముప్పై అంగుళాలు, బిళ్ల పద్దెనిమిది. మేస్త్రి తల గోక్కున్నాడు. "అక్క ఆని చూస్తుందిగా! అక్క సరేనంటే నాకు సరే" అన్నాడు వంటాయన. హోటలు తెరిచేది ఆదివారం పదకొండు గంటలకి.

బుధవారం పిన్ని పన్నెండు బల్లల మీదా ఆనింది. ఒక్కటీ కదల్లేదు. పన్నెండు గీతలు పెట్టింది. పని పూర్తయ్యేసరికి మొహం వెలిగిపోతోంది. ఆవిడని అలా చూసి ఎన్నాళ్లయిందో! నాకు ఎంత సంతోషమేసిందంటే, దారిలో కూరగాయల బండివాడితో బేరం కూడా ఆడలేదు.

గురువారం మధ్యాహ్నం ఆ బల్లలకి చీటీలు రాస్తున్నాను. రాయడానికి ఒకదాని మీద మోచేతులు ఆనించాను. నేను బొద్దుగా ఉంటాను. ఆ సంగతి ఎవరైనా అంటే ఊరుకోను గానీ, ఉంటాను. బల్ల నా వైపు ఒరిగింది. చూస్తే అవతలి పక్క అడుగుబిళ్ల నేల మీంచి లేచింది. రెండో బల్ల చూశాను, మూడోది చూశాను. పన్నెండూ అంతే. ప్రతిదాని కిందా పిన్ని గీత ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావడానికి నాకు పెద్ద తెలివి అక్కర్లేకపోయింది. ఆవిడ బట్టలు బిగించింది నేనే కదా. పిన్ని ఎప్పటిలాగే ఆనింది, ఒళ్లు దాచుకోకుండా ఆనింది. ఆనడానికి ఆ ఒళ్లే లేదు.

పిన్ని పక్క షెడ్డులో అన్నం తింటోంది. నేను మేస్త్రి దగ్గరకి పరుగెత్తాను. నేను చెప్పకముందే ఆయన నేల చూపులు చూస్తూ, "నేనూ చూశానమ్మాయ్, పొద్దున్నే చూశాను" అన్నాడు.

"చూసి ఊరుకున్నారా?"

"ఊరుకుంటానా! సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లాక బిళ్లలు మార్చేస్తాను. ఇరవై నాలుగు అంగుళాలవి. చెరిగిన గీతలుంటే మళ్లీ నేనే పెట్టేస్తాను. ఆవిడకి తెలియనక్కర్లేదు. కొంచెం కోలుకుంటే ఆవిడే సర్దుకుంటుంది."

చెబితే సిగ్గుచేటు గానీ, నేను సరేనన్నాను. ఆవిడ మొహంలో నిన్నటి వెలుగు నాకు ఇంకా కళ్లముందే ఉంది. దాన్ని నా చేత్తో ఎలా ఆర్పను? ఇనుము మారిపోతుంది, బల్లలు నిలబడతాయి, ఎవరికీ దెబ్బ తగలదు. ఇందులో తప్పేముందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

మేస్త్రి మంచివాడే గానీ దొంగతనం చాతకానివాడు. సాయంత్రం దాకా ఆగలేక అప్పుడే బిళ్లలు కోయడం మొదలెట్టాడు. పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి, నేల మీదున్న కొత్త బిళ్లలు చూసింది.

"ఇవెవరికి? ఈ వారం పెద్ద బిళ్లల ఆర్డరు లేదుగా."

మేస్త్రి ముసుగు దించేసుకున్నాడు. పిన్ని నా వైపు తిరిగింది. ఆవిడ నన్ను చూసింది, పన్నెండు బల్లలనీ చూసింది. ఒక్క క్షణంలో అంతా చదివేసింది.

"ఇలా రా. దీని మీద ఆను."

"ఎందుకులే పిన్నీ..."

"ఆనమన్నానా!"

ఆనాను. బిళ్ల లేచింది. ఆవిడ వంగి, లేచిన అంచుకీ నేలకీ మధ్య రెండు వేళ్లు పెట్టి చూసింది. తర్వాత తిన్నగా వెళ్లి ఇనుము తూచే కాటా ఎక్కింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ దాని దరిదాపులకి వెళ్లలేదని నాకు అప్పుడు తట్టింది. ముల్లు యాభై దగ్గర ఆగింది. ముందు అరవై తొమ్మిది ఉండేది.

"పంతొమ్మిది కిలోలు ఎక్కడో పారేసుకుని వచ్చానే" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. "మీ ఇద్దరికీ తెలుసు."

నేను బల్ల మీంచి మోచేతులు తీసేశాను.

"నా మీద జాలితో నాకు తెలియకుండా దాస్తారా? సరే, ఈ పన్నెండూ మారుస్తారు. రేపు ఇంకో పది చూస్తాను, వాటికీ గీత పెడతాను. మీరు ఒకటి మార్చడం మర్చిపోతారు. అది ఎవరి ఒళ్లో పడాలి?"

పిన్ని తడిగుడ్డ తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, పన్నెండు గీతలూ తనే తుడిచింది. నేను తుడుస్తానంటే గుడ్డ ఇవ్వలేదు. వంటాయనకి కబురు పెట్టమంది.

ఆయన గంటలో వచ్చాడు. పిన్ని సంగతి దాచకుండా చెప్పింది. "స్టాండు తప్పు కాదు తమ్ముడూ. నేనే తేలికైపోయాను. అది తెలుసుకోకుండా సరేనన్నాను. ఇవి పంపను. పెద్ద బిళ్లలు వేసి, కాలివేళ్లు తగలకుండా అంచు పలచన చేయించి ఆదివారం పొద్దున్నకి పంపుతాం."

"ఆదివారం పొద్దున్నా? అక్కా, అదే రోజు తెరుస్తున్నాను! రంగు ఆరకపోతే? లారీ రాకపోతే? జనాన్ని ఎక్కడ నిలబెట్టను?" ఆయన గొంతు పెరిగింది. "అయినా అంచు మీద అంత బరువు ఎవరు వేస్తారు?"

"నేను వేశాను" అంది పిన్ని. "ఆ రోజు నువ్వు లోపల పొయ్యి దగ్గరున్నావు. ఆవిడ అరుపు నేను విన్నాను."

ఆయన వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఒంట్లో బాగోనప్పుడు ఇంట్లో ఉండాల్సింది. పనిలోకి వచ్చి మా ప్రాణాల మీదకి తేవడమెందుకు!" అని విసురుగా వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వెంటపడి నాలుగు కడుగుదామని లేచాను. పిన్ని నా మణికట్టు పట్టుకుంది. "వాడన్నదాంట్లో అబద్ధమేముందే?" అంది. ఆ వేళ్లలో బలం లేదు. అందుకే విడిపించుకోలేకపోయాను.

శుక్రవారం, శనివారం మేస్త్రి తల ఎత్తకుండా పనిచేశాడు. మధ్యలో పిన్నికి ఒక ఆలోచన వచ్చింది. వెల్డింగువాళ్ల తోలు ఏప్రన్ జేబుల్లో పంతొమ్మిది కిలోల ఇనప ముక్కలు నింపుకుని, దాన్ని కట్టుకుని ఆనుతుందట! కుట్లు పడిన కడుపు మీద ఇనుము! నేను అరిచిన అరుపుకి మేస్త్రి చేతిలోని సుత్తి జారిపోయింది. ఆయన ఏప్రన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పిన్ని మా ఇద్దరితోనూ ఒక పూట మాట్లాడలేదు.

ఆదివారం తొమ్మిదింటికి బల్లలు వంటాయన హోటల్లో దిగాయి. కొత్త సున్నం వాసన, లోపల్నుంచి వేగుతున్న ఉల్లిపాయల వాసన. నేల ఒకవైపు కాస్త వాలు. పిన్ని చెబుతుంటే ఒక్కో బిళ్ల కింద మర తిప్పి రబ్బరు కాళ్లు సరిచేశాను. రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా ఒప్పుకోలేదు. తర్వాత నన్ను ఆనమంది. ఆనాను. బల్ల కదల్లేదు.

"ఇంకా" అంది.

"ఇంకేం ఆనను, మెడ విరుగుతోంది!"

"లేదే. పడుతుందేమోనని చూసుకుంటూ ఆనుతున్నావు. నీ బరువు సగం నీ కాళ్లలోనే ఉంది."

మళ్లీ మళ్లీ ప్రయత్నించాను. ఎంత వద్దనుకున్నా కాళ్లు బిగుసుకుంటున్నాయి. పిన్ని సుద్దముక్క పట్టుకుని నిలబడే ఉంది, ఒక్క గీతా పెట్టలేదు. పది దాటింది. ఇంకో గంటలో జనం వస్తారు. పద్నాలుగేళ్లుగా చేస్తున్న పని చెయ్యలేక, చెయ్యకుండా వదిలి వెళ్లనూలేక, ఆవిడ ఆ బల్లల మధ్య నిలబడిన తీరు చూస్తే నాకు ఏడుపొచ్చింది. బాగున్నాయని అబద్ధం చెప్పమని బతిమాలాలనిపించింది. నోరు కుట్టేసుకున్నాను.

అప్పుడు వంటాయన లోపల్నుంచి వచ్చాడు. పొద్దుట్నుంచి మాతో ఒక్క మాట లేదు. మూడు రోజులుగా నిలువుకాళ్ల మీదున్న మనిషి, కళ్లు గుంటలు పడ్డాయి. ఏదో చెప్పడానికే వచ్చినట్టున్నాడు. బల్ల దాకా వచ్చి, రెండు మోచేతులూ చెక్క మీద పడేసి, అరచేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఆయన ఒంట్లో ఎక్కడా బిగువు లేదు. ఉన్న బరువంతా వదిలేశాడు.

పిన్ని చటుక్కున కింద కూర్చుంది. అవతలి అంచు దగ్గర, రబ్బరు కాలికీ నేలకీ మధ్య వేలిగోరు దూర్చడానికి చూసింది. దూరలేదు.

"కదలకు" అంది కిందనుంచి.

"అక్కా..."

"కదలకన్నానా! ... ఎనిమిది, తొమ్మిది, పది." చెక్క కింద గీత గీసిన చప్పుడు వినపడింది. పిన్ని బల్ల పట్టుకుని మెల్లగా లేచింది.

"అక్కా, ఆ రోజు అనకూడని మాట అన్నాను" అన్నాడు ఆయన. కళ్లలో నీళ్లున్నాయి.

"అన్నావు. నడు, రెండో బల్ల దగ్గరకి."

"ఏంటి?"

"ఇంకా పదకొండున్నాయి. ఏడుపు ఆపకు, అలాగే ఆను. బాగా ఆనుతున్నావు."

ఆయన నవ్వలేక ఏడవలేక రెండో బల్ల దగ్గరకి వెళ్లాడు. లోపల ఉల్లిపాయలు మాడుతున్నాయని ఎవరో అరిస్తే, నేను వెళ్లి పొయ్యి ఆపాను. వచ్చేసరికి ఏడో బల్ల దగ్గరున్నారు. పిన్ని ప్రతిసారీ వంగుతోంది, గోరుతో చూస్తోంది, ఆయన కాళ్లకేసి, భుజాలకేసి చూస్తోంది. "భుజం బిగిసింది, వదులు" అంటోంది. ఎవరు నిజంగా ఆనుతున్నారో ఎవరు ఆనుతున్నట్టు నటిస్తున్నారో ఆవిడకి చూస్తేనే తెలిసిపోతోంది. ఆ కన్ను వర్క్‌షాపులో మాకెవరికీ లేదు. దానికి అరవై తొమ్మిది కిలోలు అక్కర్లేదని నాకు అప్పుడే అర్థమైంది. ఆవిడకి కూడా అప్పుడే అర్థమై ఉంటుంది, ఎందుకంటే తొమ్మిదో బల్ల దగ్గర నా వైపు చూసి, "రేపట్నుంచి మేస్త్రిగార్ని సాయంత్రం ఐదింటికి ఆనిద్దామే, అప్పటికి ఒళ్లు హూనమై ఆయన బాగా పనికొస్తాడు" అంది.

పన్నెండో గీత కూడా పడింది. వంటాయన కళ్లు తుడుచుకుని వంటగదిలోకి పరుగెత్తాడు. బయట అప్పుడే ఇద్దరు ముగ్గురు కిటికీలోంచి తొంగిచూస్తున్నారు. నేను సామాను సంచీలో సర్దుతూ తల తిప్పి చూస్తే, పిన్ని మళ్లీ ఆ పన్నెండో బల్ల మీద మోచేతులు ఆనించి ఉంది. తల వాల్చేసింది.

"పిన్నీ, అది చూసేశాం కదా! గీత కూడా పెట్టావు."

"చూడ్డానికి కాదే" అంది తల ఎత్తకుండానే. "అలసిపోయాను."

ఆసుపత్రికి ముందు గానీ తర్వాత గానీ, వడ్డన చేసిన ఇరవై రెండేళ్లలో గానీ, ఆ మాట ఆవిడ నోట నేను ఎప్పుడూ వినలేదు. సంచీ కింద పెట్టేసి వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆవిడ వీపు మీద చెయ్యి వేశాను. ఎముకలు తగిలాయి. జనం లోపలికి రావడం మొదలుపెట్టారు, ఆ బల్ల కోసం చూస్తున్నారు కూడా. నేను వాళ్లకేసి ఒక చూపు చూశాను. పక్క బల్లకి వెళ్లారు.